ఉత్తరం కింద పేరు

“ప్రియమైన వినియోగదారులకు నమస్కారములు” అని మొదలుపెట్టి, రోహిణి పొద్దుటినుంచీ ఆ ఒక్క వాక్యం దగ్గరే కూర్చుని ఉంది. దాని తర్వాత ఏం రాయాలో తోచడం లేదు. అందులో ఆమె తప్పేమీ లేదు. అంత బిగుసుకుపోయి నమస్కారం పెట్టాక ఎవరికైనా ఇంకేం మాటలు వస్తాయి?

పని చూస్తే చిన్నదే. రెడ్‌డస్ట్ జీన్స్ వెబ్‌సైట్‌లో ‘మా ఉత్తరాలు మీకు కావాలా?’ అని ఒక గడి ఉంది. అందులో మెయిల్ అడ్రస్ ఇచ్చినవాళ్లకి నెలకు రెండుసార్లు కంపెనీ నుంచి ఉత్తరం పోవాలి. కొత్తగా చేరిన మనిషికి, చేరిన వెంటనే, ఒక స్వాగతం ఉత్తరం పోవాలి. చేరినవాళ్లు ఇప్పటికే వేలల్లో ఉన్నారు గానీ ఎవరికీ ఇంతవరకు ఒక్క ముక్క కూడా పోలేదు. చుట్టాల్ని పిలిచి వసారాలో కూర్చోబెట్టి ఇంట్లోవాళ్లు లోపలికి వెళ్లిపోయినట్టుంది వ్యవహారం. ఆ స్వాగతం రాసే పని వివేక్ రోహిణికి అప్పజెప్పాడు.

కంపెనీ వివేక్‌ది. బళ్లారిలో ఎర్రదుమ్ము తిని పెరిగినవాడెవడూ దాని పేరు వ్యాపారానికి పెట్టుకోడు. వివేక్ బెంగళూరులో చదువుకున్నాడు కాబట్టి పెట్టుకున్నాడు. వాళ్ల నాన్న వెంకటరామికి సండూరు గనుల మీద లారీలుండేవి, ఆ తర్వాత ఈ కుట్టు యూనిట్ వచ్చింది. తండ్రి హయాంలో ఇక్కడ కుట్టిన ప్యాంట్లు పేరు లేకుండా ఊరు దాటేవి. అవతలి ఊళ్లో ఎవరి పేరు తగిలిస్తే వాళ్ల ప్యాంట్లు. మన ప్యాంటు మన పేరుతోనే పోవాలని కొడుకు పట్టుబట్టాడు. కింద మిషన్లు అలాగే ఉంచి, పైన అద్దాల ఆఫీసు కట్టించాడు. రోహిణి ఆ కింది నుంచి ఈ పైకి వచ్చిన మనిషి. మిషన్ తొక్కుతూనే దూరవిద్యలో బీకాం పూర్తిచేసి, ఇప్పుడు కంపెనీ ఫోన్లకీ మెసేజీలకీ జవాబు చెబుతోంది.

“ఏమ్మా రోహిణీ, అయిందా?” అంటూ వివేక్ వెనకనుంచి కంప్యూటర్‌లోకి తొంగిచూశాడు. చదివి నవ్వేశాడు. “ఇదేందమ్మా, కరెంటు ఆఫీసు నోటీసు మాదిరి ఉండాది.”

“స్కూల్లో లెటర్ రాసేది ఇట్లనే నేర్పించినారు సార్.”

“స్కూలు సంగతి వదిలేయ్. చూడు, నీకు శానా కావలసినోళ్లని ఒకర్ని తలుచుకో. వాళ్లు ఇప్పుడే మన గేటు దాటి లోపలికి వస్తాండారు అనుకో. వాళ్లొక్కరికే రాయి. వేలమందికి అనుకుంటే ఎవరికీ కాకుండా పోతాది. మొదటి లెటర్‌లో ఏమీ అమ్మద్దు. మనం ఎవరు, ఏం రాస్తాం, ఎన్నిసార్లు రాస్తాం, అంతే. లాస్ట్‌లో ఒకే ఒక ప్రశ్న అడుగు, వాళ్లకి జవాబు రాయబుద్ధి అయ్యేట్ల.”

వివేక్‌కి తెలిసిన మంచి సంగతులు కొన్ని ఉన్నాయి, ఇది వాటిలో ఒకటి. చెప్పేసి తన గదిలోకి వెళ్లిపోయాడు. ‘శానా కావలసినోళ్లు’ అన్న మాట మాత్రం రోహిణి దగ్గరే ఉండిపోయింది.

ఆమెకి ఎవర్నీ వెతుక్కోవలసిన పని పడలేదు. మధ్యాహ్నం టీకి కిందికి దిగినప్పుడు కళ్లు వాటంతటవే కిటికీ పక్క మిషన్ మీదికి పోయాయి. ఇప్పుడు దాని మీద ఎవరో కొత్తామె జేబులు కుడుతోంది. ఒకప్పుడు అది రంజిత మిషన్. చోరనూరు పిల్ల. బెల్టు లూపులు వేయడంలో యూనిట్ మొత్తానికి ఆమెదే వేగం, మాట్లాడటంలో అంతకు రెట్టింపు. గాలి వచ్చే మిషన్ కోసం పొద్దున్నే అందరికన్నా ముందు వచ్చి, దాని మీద తన టిఫిన్ డబ్బా పెట్టి, పక్క మిషన్ మీద రోహిణి కోసం చున్నీ పరిచేది. పెళ్లయ్యాక భర్త వెంట పూణే వెళ్లింది. కొంతకాలం ఫోన్లు నడిచాయి. తర్వాత ఆ నంబరు పలకడం మానేసింది. కోపమా, కష్టమా, మరిచిపోయిందా, రోహిణికి ఇప్పటికీ తెలియదు. తెలిసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో.

సాయంత్రం ఇల్లు చేరేసరికి వాళ్లమ్మ యశోదమ్మ గడప దగ్గర వెలుతురులో కూర్చుని ప్యాంట్లకు దారాలు కత్తిరిస్తోంది. యూనిట్ నుంచి పొద్దున ఆటోలో మూట వస్తుంది. ఒక్కో ప్యాంటూ ఒళ్లో వేసుకుని, కుట్ల చివర వేలాడే దారాలన్నీ చిన్న కట్టర్‌తో తెంపి, లోపలివైపు తిప్పి మళ్లీ చూసి, మడతపెట్టి పక్కన పేర్చాలి. ఆమె గోళ్ల సందుల్లో ఆ నీలం ఎంత కడిగినా పోదు. రోహిణి బ్యాగు పక్కన పడేసి, గోడకి ఆనుకుని, ఫోన్‌లో రాయడం మొదలుపెట్టింది. తెలుగులోనే రాసింది, కానీ కన్నడ అక్షరాల్లో. దేశనూరు బళ్లో ఆమె చదివింది కన్నడ మీడియం. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడ. అందుకని తెలుగు నోటికి వచ్చింది గానీ చేతికి రాలేదు. బళ్లారిలో ఇలా రాసుకునేవాళ్లు వీధికి పదిమంది ఉంటారు, వాళ్లకి అందులో వింతేమీ కనపడదు. రంజితా తనూ ఒకరికొకరు ఎప్పుడూ ఇలాగే రాసుకున్నారు.

“ఏమ్మే, వచ్చినప్పట్నుంచి ఆ ఫోన్‌లోనే మునిగినావు. ఎవరికి?” అంది యశోదమ్మ.

“ఆఫీసు పని మా. విను, చదువుతా.”

చదివింది.

“వచ్చినావా? రా, కూర్చో. ముందు నీళ్లు తాగు, తర్వాత మాట్లాడుకుందాం. ఇది బళ్లారి. ఈడి ఎండ గురించి ఎవరికీ చెప్పే పని లేదు. మా యూనిట్లో కిటికీ పక్కన ఒక మిషన్ ఉండాది, దాని మీద గాలి వస్తాది. దానికోసరం రోజూ పొద్దున్నే కొట్లాట. నువ్వు తొడుక్కునే ప్యాంటు ఒకరు కుట్టింది కాదు. ఒకరు కత్తిరిస్తారు, ఒకరు జేబు వేస్తారు, ఒకరు లూపులు వేస్తారు, ఇంకొకరు ఇంట్లో గడప కాడ కూర్చోని దారాలు తీస్తారు. వాళ్ల సంగతులన్నీ నీకు నెలకు రెండుసార్లు రాస్తా. అప్పుడప్పుడు ప్యాంటు కొనమని గూడ అడుగుతా, అది మా బతుకు కదా. ఇప్పుడు నువ్వు చెప్పు. యాడ ఉండావు? ఈ పక్కకి వచ్చి ఎన్నాళ్లయింది? ఉగ్గాణి బజ్జీ తిని ఎన్నాళ్లయింది? రెండు మాటలు రాయి. ఎదురుచూస్తాంటా.”

యశోదమ్మ కట్టర్ ఆపి వింది. విన్నాక కాసేపు ఒళ్లో ప్యాంటుని అటూ ఇటూ తిప్పింది.

“ఆ పాపకి రాసినట్లుండాది,” అంది.

“ఏ పాప?”

“నాకు తెలీదా మే, ఏ పాపో.”

రోహిణి లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది. వివేక్ చెప్పినట్టు ఒకరికే రాసింది, అంతవరకు పని సక్రమంగానే జరిగింది. రాస్తున్నంతసేపూ రంజిత ఎదురుగా కూర్చుని ఉంది. ముగించగానే లేచి వెళ్లిపోయింది. అది మాత్రం ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పి ఉండరు.

మర్నాడు వివేక్ తన ఫోన్‌లో ఉత్తరం నిలబడే చదివాడు, కూర్చుని మళ్లీ చదివాడు.

“శానా బాగుండాది రోహిణీ. నిజంగా. దీన్ని ఆంధ్రా వాళ్లకి తెలుగు అక్షరాల్లో కొట్టిద్దాం, మనోళ్లకి కన్నడంలోకి మార్పిద్దాం.” అని, బొటనవేలితో కిందికి జరిపి, చివరి గీత దగ్గర ఆగాడు. అక్కడ ‘రోహిణి’ అని ఉంది. “కింద మాత్రం నా పేరు పెట్టు. ‘వివేక్, రెడ్‌డస్ట్’ అని. బ్రాండ్‌కి ఒక మొకం ఉండాల కదా.”

“సార్, ఆ మిషన్ కాడ కూర్చున్నది నేను కద సార్. మాటలన్నీ...”

“మాటలు నీవే, ఎవరు కాదన్నారు? పేరు కంపెనీది. అంతే.” ఆయన అందులో అన్యాయం ఏమీ చూడలేదు. నవ్వుతూనే అన్నాడు, పైగా ఆ పూట ఆఫీసందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాడు.

రోహిణి ‘రోహిణి’ని చెరిపి ‘వివేక్’ అని కొట్టింది. ఈ యూనిట్‌లో చాలా ఏళ్లు ఆమె చేసిన పని ఇదే. తాము కుట్టిన ప్యాంటుకి ఎవరిదో పేరు తగిలిస్తారని తెలిసే కుట్టేది. అప్పుడు ఏమీ అనిపించలేదు. ప్యాంటు ఎవరో ఒకరి నడుముకి, ఈ మాటలు అలా కాదు. ఇవి ఒక మనిషికి రాసుకున్నవి. బజ్జీ తినకుండా పొట్లంలో చుట్టి అమ్మకి తీసుకుపోయింది.

ఉత్తరాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి పంపేది మౌనేశ్. వెబ్‌సైట్ పనులన్నీ అతనివే, ఇద్దరు పిల్లల తండ్రి, పని మీద పని మీదేసుకుని సగం సగం చేస్తుంటాడు. అతని దగ్గర రెండు పట్టీలున్నాయి, తెలుగు చదివేవాళ్లది ఒకటి, కన్నడ చదివేవాళ్లది ఒకటి. తెలుగు అక్షరాల్లో కొట్టించిన ఉత్తరం తెలుగు పట్టీకి పెట్టాడు. కన్నడంలోకి మార్పించిన ఉత్తరం ఇంకా రాలేదు. ఆ సంగతి అతనికి తెలియదు. రోహిణి పేరు మార్చి పంపిన అసలు ప్రతి తెరిచాడు, అక్షరాలు కన్నడవే, సరే అని దాన్ని కన్నడ పట్టీకి పెట్టేశాడు. నియమం ప్రకారం ముందుగా ముగ్గురికి పరీక్షగా పంపాడు. వివేక్ చదివాడు, బాగుందన్నాడు. మౌనేశ్ చదివాడు, నవ్వుకున్నాడు. రోహిణి తన పేరు లేని చోటు ఒక్కటే చూసి మూసేసింది. కన్నడ అక్షరాల్లో తెలుగు చదవడం ముగ్గురికీ రోజూ అలవాటే. అందుకని ముగ్గురిలో ఒక్కరికీ ఏ తేడా కనపడలేదు. ఉత్తరం వేలమందికి వెళ్లిపోయింది.

తేడా మర్నాడు పొద్దున మైసూరు వాళ్లకి కనపడింది. “అక్షరాలన్నీ మావే, ఒక్క మాటా అర్థం కాలేదు. చెడిపోయింది నా ఫోనా, నా తలా?” అని ఒకాయన రాశాడు. శివమొగ్గ నుంచి ఒకామె, ఇది ఏదో మోసమేమో, బ్యాంకు వివరాలు మాత్రం ఇవ్వనని ముందే చెప్పింది. చాలామంది ఏమీ రాయకుండా పట్టీలోంచి పేరు తీసేసుకున్నారు. వివేక్ మొహం ఎర్రబడిపోయింది.

“ముగ్గురం చదివినాం కదప్పా మౌనేశా! ఒక్కరికన్నా తెలియలేదా?”

“మీరూ బాగుండాది అన్నారు కద సార్.”

“బాగుండాదయ్యా! బాగుండేది మనకు!”

 సారీ చెబుతూ సరైన కన్నడ ఉత్తరం మళ్లీ పంపమని చెప్పి, వివేక్ తలుపు దబ్బున వేసుకున్నాడు. మౌనేశ్ మెల్లగా రోహిణి బల్ల దగ్గరికి వచ్చాడు.

“అక్కా, ఇంకొకటి ఉండాది. సార్‌కి ఇప్పుడే చెప్పలా. జవాబులు వస్తాండాయి.”

“తిట్లా?”

“తిట్లు గాదు. నువ్వే చూడు.”

ఆ ఉత్తరం కర్ణాటకలో ఎక్కువమందికి అర్థం కాలేదు. అర్థమైనవాళ్లు మాత్రం అచ్చంగా ఈ నేల మనుషులు, ఇంట్లో తెలుగూ బళ్లో కన్నడా అబ్బినవాళ్లు, ఇప్పుడు ఎక్కడెక్కడో ఉన్నవాళ్లు. బళ్లారి పక్క ఎమ్మిగనూరు నుంచి వెళ్లి మంగళూరులో నర్సు పని చేస్తున్నామె, డ్యూటీ గదిలో పైకి చదువుకుని ఏడ్చానని రాసింది. దుబాయిలో డ్రైవరు ఒకాయన, మా అమ్మ పోయాక నన్ను ‘వచ్చినావా’ అని అడిగింది నువ్వేనప్పా వివేకప్పా అన్నాడు. హొన్నప్ప అనే రిటైరైన మాస్టారు, చదివి నిద్ర పట్టలేదు, నీ ఫోన్ నంబరు ఇవ్వు నాయనా అని అడిగాడు. అందరూ వివేక్‌నే పిలిచారు. వివేకప్పా, వివేక్ అన్నా, వివేక్ సార్.

రోహిణి ఒక్కొక్కటే తెరుస్తూ పోయింది. సంతోషమూ ఉక్రోషమూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. అలా తెరుస్తూ తెరుస్తూ ఒక పేరు దగ్గర చెయ్యి ఆగిపోయింది. ‘రంజిత టైలర్స్, పూణే.’

షాపు పెట్టింది! మొదట వచ్చిన ఆలోచన అదే. పెద్ద షాపు పెట్టుకుంది, అందుకే తీరిక లేదు, అందుకే ఫోన్ లేదు. అలా అనుకునేసరికి గుండె కాస్త తేలికపడింది కూడా. తర్వాత తెరిచింది.

“వివేక్ సార్, నమస్తే. నాది చోరనూరు. ముందు మీ నాయన యూనిట్లోనే లూపులు కుడతాంటి. మీ ప్యాంట్లు ఫోన్‌లో చూసి, మనూరివి కదా అని నా మెయిలు ఇచ్చినా. మీ లెటర్ బస్సులో చదివినా సార్, నేను దిగాల్సిన స్టాపు దాటిపోయినాది. మా ఇంట్లో ఆయనది కన్నడ, ఊళ్లో మరాఠీ. ఈడ నా మాట మాట్లాడేవాళ్లు లేరు. అందుకని లెటర్ పైకి చదువుకున్నా. సార్, మీ యూనిట్లో రోహిణి అని ఉంటాది, దేశనూరు ఆమె. అది బాగుండాదా? నేను అడిగినానని దానికి చెప్పద్దండి సార్. షాపు పెట్టి ఫోటో పంపిస్తానని గొప్పగా చెప్పి వచ్చినా. షాపు పేరు మెయిల్‌కి పెట్టుకున్నా, అంతే, షాపు లేదు. ఒక కంపెనీలో దారాలు కత్తిరిస్తాండా. దానికి ఏం మొకం పెట్టుకోని ఫోన్ చేసేది?”

రోహిణి కుర్చీలోంచి లేచి, ఎందుకు లేచిందో తెలియక మళ్లీ కూర్చుంది. ఇన్నాళ్లూ తనమీద కోపమేమోనని ఎన్ని రకాలుగా కుమిలిందో అంతా వృథా. ఎంత పిచ్చిది ఈ రంజిత! దారాలు కత్తిరిస్తే ఏం, అమ్మ కత్తిరించడం లేదా? వెంటనే ఫోన్ చేసి గట్టిగా తిట్టాలనిపించింది. నంబరు లేదు. మెయిల్ ఉంది, కానీ ఆ మెయిల్ వచ్చింది వివేక్‌కి.

ఆ రోజు మధ్యాహ్నానికి జవాబుల సంగతి వివేక్‌కి తెలిసింది. అన్నీ చదవలేదు గానీ, చదివిన వాటితోనే కోపం దిగిపోయింది. “అందరికీ జవాబు రాయి రోహిణీ. ఒక్కర్నీ విడవద్దు. నా పేరుతోనే, ఏం? మధ్యలో పేరు మారిస్తే ఇదేందిరా అనుకుంటారు.”

అందరికీ రాసింది. రంజితకి చివర రాసింది. ఏం రాసినా దొంగతనంలాగే ఉంది. చెరిపి చెరిపి చివరికి ఇంత మిగిలింది.

“రంజితమ్మా, రోహిణి బాగుండాది. ఇప్పుడు పైన ఆఫీసులో పని చేస్తాది. మీరు అడిగిన సంగతి నేను ఆమెకి చెప్పను. వివేక్.”

మాట తప్పినట్టూ కాదు, నిలబెట్టుకున్నట్టూ కాదు.

జవాబు మర్నాడు పొద్దున్నే వచ్చింది. ఈసారి పొడుగ్గా ఉంది. అది ఇంకా టీలో బన్ను అద్దుకోని తింటాదా సార్? ఆ బన్ను సగం టీలో పడిపోతే, వేలు పెట్టి తీసుకుంటాది, చూసినారా? వాళ్లమ్మకి మోకాళ్ల నొప్పులు ఎట్లుండాయి? చలికాలం దాని చేతులు పగిలి నీలం రంగు లోపలికి దిగి మండేవి, కొబ్బరినూనె నేనే పూసేదాన్ని. ఇప్పుడు మిషన్ మీద లేదంటే చేతులు బాగయినాయేమో. సార్, మీరు పెద్దోళ్లు, మీకివన్నీ ఎందుకు రాస్తాండానో నాకే తెలియదు. ఈడ ఎవరికీ చెప్పలేను. మా ఆయనకి పని ఉన్నప్పుడు ఉంటాది, లేనప్పుడు లేదు. లూపుల మిషన్ ఇస్తామన్నారు, ఇయ్యలేదు. నా చేతిలో ఆ వేగం పోతాండాదేమోనని భయం సార్.

రోహిణి తన చేతుల్ని బల్ల మీద పెట్టి చూసుకుంది. బాగయ్యాయి. నిజమే. ఇవి బాగయినాయని చెప్పడానికి కూడా వివేక్ కావలసి వచ్చాడు. ఇన్నేళ్లూ ఎదురుచూసిన మనిషి రోజూ వస్తోంది, తన గురించే అడుగుతోంది, తనకి మాత్రం చెప్పడం లేదు. వివేక్ పేరు మీద అసూయ పడాల్సి వస్తుందని రోహిణి ఎన్నడూ అనుకోలేదు. ఆమెకి ఇప్పుడు కావలసింది ఒక్కటే. రంజిత తనని పేరుపెట్టి పిలవాలి. మే రోహిణీ, అని చనువుగా ఒక్కసారి.

అలా రెండు మూడు ఉత్తరాలు అటూ ఇటూ నడిచాయి. ‘వివేక్ సార్’ బన్ను సంగతి నిజమేనని ఒప్పుకున్నాడు. మోకాళ్ల నొప్పులకి ఆకు కట్టు కడుతున్నారని చెప్పాడు. కిటికీ పక్క మిషన్ మీద ఇప్పుడు కొత్తామె ఉందని, ఆమెకి లూపులు రావని కూడా రాశాడు. ఆ మాటకి రంజిత చాలా సంబరపడింది. ఒక కంపెనీ యజమాని లూపుల గురించి ఇంత పట్టించుకుంటాడా అని ఆమెకి అనుమానం వచ్చినట్టు లేదు. ఆ ఉత్తరాలు రాసిన రోజు రోహిణి ఇంటికి నడుస్తూ తనలో తానే నవ్వుకునేది, ఇల్లు చేరేసరికి ఆ నవ్వు ఉండేది కాదు.

“చెప్పేయ్ మే, నేనేనని,” అంది యశోదమ్మ ఒక సాయంత్రం, మూట విప్పుతూ.

“సార్ పేరే పెట్టాలన్నాడు మా.”

“సార్‌నే అడుగు. అడిగితే ఏం పాయె? ఉద్యోగమా తీసేస్తాడు?”

తీసేస్తాడేమోనన్న భయం రోహిణికి ఉంది. కానీ అంతకన్నా పెద్ద భయం వేరే ఉంది. చెప్పద్దు అని రంజిత అడిగింది. చెబితే మళ్లీ మాయమైపోతే?

అడిగే పని తప్పించింది హొన్నప్ప మాస్టారు. ఆయనకి ఎలాగో వివేక్ నంబరు దొరికింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోన్ చేసి, చనిపోయిన భార్య చేతి జొన్నరొట్టెల గురించి చెప్పడం మొదలుపెట్టాడు. దుబాయి డ్రైవరు వీడియో కాల్ చేసి, నీళ్లు తాగు అని నోటితో ఒకసారి అనప్పా అని అడిగాడు. వివేక్ మంచివాడే, కానీ ఎదుటివాళ్ల కన్నీళ్లు చూస్తే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని రకం.

“అమ్మా తల్లీ రోహిణీ,” అన్నాడు బయటికి వచ్చి, ఫోన్‌ని రెండు వేళ్లతో పట్టుకుని. “ఇది నా వల్ల కాదు. రేపట్నుంచి నీ పేరే పెట్టుకో. స్వాగతం లెటర్ కింద గూడ నీదే. వీళ్లందరికీ రాసేది నేను కాదు, ఈమె అని చెప్పేయ్. నన్ను విడిచిపెట్టమను.”

“నిజంగానా సార్?”

“సుమ్నె, ఊరికే చెప్తానా? మౌనేశా, పేరు మార్చప్పా.”

అడగలేకపోయిన వరం ఇంత తేలిగ్గా, అది కూడా విసుగు మొహంతో వచ్చింది. రోహిణి ఆ పూటే ఉత్తరం కింద ‘వివేక్’ తీసేసి తన పేరు కొట్టింది. మాస్టారికీ, నర్సుకీ, డ్రైవరుకీ అసలు సంగతి రాసింది. తర్వాత రంజితకి రాసింది. ఈసారి చెరపలేదు.

“మే రంజితా, నేను మే, రోహిణిని. మొదట్నుంచీ రాసింది నేనే. నువ్వు అడిగినావని నాకు ఎవరూ చెప్పలా, నువ్వే చెప్పినావు. షాపు లేకపోతే ఏం మే? నేను షాపుకి కాదు ఎదురుచూసింది. నీ నంబరు పంపు. నా చేతులు బాగయినాయి. నువ్వు లేకనే బాగయినాయి, అది ఒకటే నాకు బాధ. రోహిణి.”

పంపింది. జవాబు రాలేదు.

మర్నాడూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. మాస్టారు మాత్రం, ఆడపిల్లవా తల్లీ, మరీ మంచిది, అని ఆశీర్వదించాడు. డ్రైవరు చెల్లెమ్మా అని మొదలుపెట్టాడు. కొత్తగా చేరినవాళ్లు ఆమెని రోహిణి గారూ, రోహిణక్కా అని పిలుస్తున్నారు. తన పేరు ఇంతమంది నోట చూసుకుంటూ ఆమె రోజంతా ఒక్క ఉత్తరం కోసం వెతికింది. మౌనేశ్‌ని పిలిచి, మెయిల్స్ ఏమైనా ఆగిపోతున్నాయా అని రెండుసార్లు అడిగింది. ఆగడం లేదక్కా అన్నాడు. మూడోసారి అతనే వచ్చి ఏమీ రాలేదని చెప్పి, తల దించుకుని వెళ్లాడు. సాయంత్రాలు ఆమె అమ్మ పక్కన కూర్చుని ఒక ప్యాంటు ఒళ్లో వేసుకుని దారాలు తెంపసాగింది. 

వారం తిరిగాక, ఒక మధ్యాహ్నం, కింద మిషన్లు భోజనానికి ఆగిన వేళ వచ్చింది.

“మే రోహిణీ,” అని ఉంది.

రోహిణి అక్కడే ఆగి, ఆ రెండు మాటలూ చాలాసేపు చూసింది. తర్వాత చదివింది.

“మే రోహిణీ. రాసేది నువ్వేనని నాకు మొదటి లెటర్‌లోనే తెలుసు మే. కిటికీ మిషన్ గాలి సంగతి సార్‌కి ఎట్ల తెలుస్తాది? ఆయన ఎప్పుడన్నా కూర్చున్నాడా దాని మీద? నువ్వేనని తెలిసే సార్‌కి రాసినా. నీకు రాయాలంటే చెయ్యి ఆడదు మే. సార్ అంటే ఎవరో పరాయోళ్లు, ఏమన్నా చెప్పచ్చు, చెప్పినా సిగ్గు లేదు. అట్ల నీకు అన్నీ చెప్పుకుంటాంటి. ఇప్పుడు నీ పేరు చూసినాంక వారమయింది, రోజూ తెరుస్తా, ఒక్క మాట రాదు. ఇది గూడ ఎట్లనో రాసినా. నాకు నంబరు అడగద్దు. నామీద కోపం చేసుకోవద్దు. నువ్వు ఇంకా కొన్నాళ్లు సార్‌గానే ఉండు మే. నాకు నువ్వు కావాల, అందుకే అడుగుతాండా.”

కింద ఎవరో మిషన్ మళ్లీ మొదలుపెట్టారు, ఒకటి, తర్వాత అన్నీ. రోహిణి కళ్లు తుడుచుకుంది. కోపం రాలేదు. రావాలని కాసేపు చూసింది కూడా. తన పేరు కోసం ఇన్నాళ్లు లోపల ఎంత కొట్లాడిందో, తీరా చేతికి వచ్చాక ఆ పేరే రంజితకి అడ్డం పడింది. లోకం మొత్తానికి ఆమె రోహిణి కావచ్చు, రంజితకి ఒక్కదానికి కాకూడదు.

లేచి వెళ్లి కుండలో నీళ్లు తాగి వచ్చింది. కుర్చీ దగ్గరికి లాక్కుని రాయడం మొదలుపెట్టింది.

“రంజితమ్మా, నమస్తే. మీ లెటర్ వచ్చింది, శానా సంతోషం. లూపుల మిషన్ ఇచ్చినారా? ఇయ్యకపోతే మళ్లీ అడగండి, భయపడద్దు, ఆ వేగం యాడికీ పోదు. మీరు ఏం రాసినా నేను చదువుతా, ఎవరికీ చెప్పను. రోహిణి బాగుండాది. మీ మీద కోపం లేదు, ఎప్పుడూ లేదు. మిమ్మల్ని రోజూ తలుచుకుంటాది. ఆమె ఆ మాట మీకు చెప్పలేదు, అందుకని నేను చెప్తాండా.”

కింద ‘వివేక్’ అని రాసి, పంపింది.